నూట పదమూడో పేజీ

నగరి,
8-7-2001

గౌరవనీయులైన రచయిత గంగాధరం గారికి నగరి నుంచి యశోదమ్మ నమస్కరించి రాయునది.

మేమంతా ఇక్కడ క్షేమం. మీరు నన్ను ఎరగరు. మాకు ఆరు మరమగ్గాలున్నాయి, లుంగీలు నేయిస్తాము. రోజూ మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి నాలుగింటికి వస్తుంది. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడేది ఆ రెండు గంటలే. ఇదివరకు అప్పుడు ఊళ్లోవాళ్ల గురించి చెప్పుకునేవాళ్లం. ఊళ్లోవాళ్లంతా అయిపోయారు. అందుకని పెట్టెలో చీరల అడుగున ఉన్న మీ ‘చుక్కల ఊరి చుట్టాలు’ తీసి నేను చదవడం, అందరూ వినడం మొదలుపెట్టాము.

ఏం కథలండీ అవి! నిన్నటికి వెళ్లే యంత్రం కనిపెట్టి, పోయిపోయి నిన్నటి దోసెలు తిని వచ్చే పెద్దమనిషి కథకు మా మగ్గం మనిషి మురుగేష్ నవ్వలేక కింద కూర్చున్నాడు. గుండు కొట్టిన నిమిషానికే మళ్లీ జుట్టు మొలిచే గ్రహం వాళ్లు కొండకు మొక్కు తీర్చుకోను వచ్చిన కథ మూడుసార్లు చదివించారు.

చిక్కంతా ఆఖరి కథతో వచ్చింది. ‘శబ్దాలు తినే బిడ్డ’. దారి తప్పి శ్రీహరికోట దగ్గర దిగి, లారీ ఎక్కి తిరుపతి చేరిన ఆ మూడు కాళ్ల బిడ్డను లాడ్జి గుమాస్తా లోకనాథం దాచిపెడతాడు కదా. బిడ్డకు తిండి శబ్దమే. హారన్లు తిని బొద్దుగా అవుతుంది, సద్దు లేకపోతే చిక్కిపోతుంది. ఓనరుకు తెలిసిపోయింది. ‘లోకనాథం బిడ్డను దుప్పట్లో చుట్టి రిక్షా ఎక్కించాడు. ఆ రిక్షా’ అన్నచోట నూట పన్నెండో పేజీ అయిపోయింది. నూట పదమూడో పేజీ లేదు.

మా అత్త ఆనందమ్మకు రెండు కళ్లలోనూ పొరలు. ఆగస్టు 16న తిరుపతిలో కంటి ఆపరేషను. ఆ తారీఖు కోసం ఏడు నెలలు కాచుకున్నాము. ఇంకా ఆలస్యమైతే చూపు రాదన్నాడు డాక్టరు. ఆమేమో "ఆ బిడ్డ ఇల్లు సేరినాడని తెలిస్తేనే నేను ఇల్లు దాటేది" అని నూలు చుట్టే కండెల బుట్ట పక్కన బిగదీసుకుని కూర్చుంది. దయచేసి ఆ పేజీ రాసి పంపండి. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
యశోదమ్మ

తా.క. ఈ పుస్తకం మా పెండ్లిలో చదివింపుగా వచ్చింది. మొదటి పేజీలో ‘నూతన వధూవరులకు’ అని ఉంది. కింద రెండు జంటల పేర్లు కొట్టేసి మా పేర్లు రాశారు. మూడు పెళ్లిళ్లకు పోయివచ్చినా పుస్తకం కొంచెం కూడా నలగలేదు.

*

తిరుపతి,
12-7-2001

సాహిత్యాభిమాని శ్రీమతి యశోదమ్మ గారికి గంగాధరం నమస్సులు.

మీ లేఖ అందింది. ఆనందబాష్పాలతో రెండుసార్లు, అద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాను. లాడ్జి మేనేజరుగా నాకు రోజూ ఉత్తరాలు వస్తుంటాయి. అన్నీ వేడినీళ్లు రాలేదని. కథల గురించి ఉత్తరం రావడం, పుస్తకం వేసిన ఈ పదిహేడేళ్లలో ఇదే మొదలు.

మీరు అడిగిన పేజీ ఇదిగో. పుస్తకం నా ముందే తెరిచి ఉంది. చూసి, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

‘ఆ రిక్షా బస్టాండుకు చేరింది. ఆకాశంలోంచి వెండి రంగు వాహనం దిగింది. బిడ్డ చిత్తూరు బస్సు హారను మోతను కడుపారా తిని, మూడు కాళ్లతో లోకనాథానికి మొక్కి, వాహనమెక్కి చుక్కల్లో కలిసిపోయింది. సమాప్తం.’

మీ అత్తగారిని నిశ్చింతగా ఆస్పత్రికి తీసుకురండి.

భవదీయుడు,
గంగాధరం

తా.క. ఆ కొట్టేసిన రెండు జంటలు ఎవరో తెలిస్తే రాయగలరు. కోపంతో కాదు. చదివే ఇచ్చేశారా, చదవకుండానే ఇచ్చేశారా అని చిన్న కుతూహలం.

*

నగరి,
18-7-2001

రచయిత గంగాధరం గారికి యశోదమ్మ నమస్కారాలు.

వెంటనే జవాబు రాసినందుకు మా షెడ్డంతా సంతోషించింది. కరెంటు పోగానే చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు, మా అత్త తప్ప. ఆమె ఒక్కమాట అడిగింది. "దావలో ఏం తింటాడు?"

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి స్రవంతి ఊరుకోకుండా, చుక్కల మధ్యలో గాలి ఉండదు, గాలి లేకుంటే శబ్దమే ఉండదు అని సైన్సు పుస్తకం తెచ్చి చూపించింది. అంతే! మా అత్త లేచి నిలబడింది. "ఈడి నుంచి పుత్తూరుకు పోవాలన్నా సద్ది కట్టిస్తామే! అంత దూరం పొయ్యే బిడ్డను పస్తుతో సాగనంపినాడా ఆ మహానుబావుడు?" అంది. ఆస్పత్రి మాట ఎత్తితే ముఖం గోడవైపు తిప్పుకుంటోంది.

ఇంకొక్కటి. అడగకూడదేమో గానీ అడుగుతున్నాను. పుస్తకంలో ఉన్నది అచ్చంగా ఇదేనా అండీ? రిక్షా బస్టాండుకేనా పోయింది?

ఇట్లు,
యశోదమ్మ

తా.క. రెండు జంటల్లో ఒకరు దొరికారు, మా చిన్నాన్న గోవిందు. పుస్తకం చదివావా అంటే "సదివేదానికి ఇచ్చినారా అది? నేను మళ్లా సదివించేదానికే అనుకుంటినే" అన్నాడు.

*

తిరుపతి,
22-7-2001

శ్రీమతి యశోదమ్మ గారికి,

ఎనిమిదో తరగతి విద్యార్థిని నా కథలో తప్పు పట్టిందని తెలిసి మొదట కొంచెం నొచ్చుకున్నాను. పాపను నేను ఆశీర్వదించానని చెప్పండి. బయట గాలి లేకపోయినా, అద్దాలెత్తిన అంబాసిడర్ కారులాగా వాహనం లోపల గాలి ఉంటుందని కూడా చెప్పండి.

సద్ది విషయంలో తప్పు నాదే. ఎత్తి రాసేటప్పుడు తొందరలో ఒక పేరా వదిలేశాను. పుస్తకంలో స్పష్టంగా ఉంది. ‘లోకనాథం బిడ్డ చేతికి ఒక టేపురికార్డరు ఇచ్చాడు. అందులో తిరుపతి బస్టాండు ఒక రోజు మోత మొత్తం నింపి ఉంది. చిత్తూరు, చిత్తూరు, కాణిపాకం అని కండక్టర్లు అరిచిన అరుపులు సహా.’

రిక్షా బస్టాండుకే పోయింది. అందులో సందేహం లేదు. కావాలంటే ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను. మరి అమ్మగారు ఎప్పుడు బయలుదేరుతున్నారు?

భవదీయుడు,
గంగాధరం

తా.క. మీ చిన్నాన్నగారి మాట మూడు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. నాలుగో రోజు నాకూ నవ్వొచ్చింది.

*

నగరి,
29-7-2001

గంగాధరం గారి పేరుతో ఉత్తరాలు రాస్తున్న పెద్దమనిషికి,

మా అత్త అడిగిన ప్రశ్న ముందు రాస్తాను. "బ్యాటరీలు ఎన్ని దినాలు వస్తాయి?" మురుగేష్ టేపులో నాలుగు సెల్లులు వేస్తే రెండు రోజులు పాడి, మూడో రోజు మూలుగుతుంది. అందరికన్నా దగ్గర చుక్కకు కూడా వెలుతురు పోవడానికే నాలుగేళ్లు పైగా పడుతుందట, స్రవంతి చెప్పింది. లారీడు సెల్లులు కావాలి. వాహనంలో బిడ్డకు చోటేది?

ఇప్పుడు నా ప్రశ్న. ఒక్క పేజీలో ఇన్ని పేరాలు ఎట్లా పడతాయి? అడిగిన కొద్దీ పేజీ పెరుగుతోందే! ఆ కథలు రాసినాయన ఇట్లా బొంకడు. మురుగేష్ అయితే "అక్కా, ఎవురో లాడ్జిలో రూము తీసుకున్నోడు పొద్దుపోక రాస్తా ఉండాడు" అంటున్నాడు. నాకూ అట్లే అనిపిస్తోంది. మీరు గంగాధరం గారు కారు.

ఏ దేవుడి ముందైనా అన్నారు కదా. కాణిపాకం పోయి వినాయకుని ముందర నిలబడి, ‘నూట పదమూడో పేజీలో రిక్షా బస్టాండుకే పోయింది’ అని ప్రమాణం చేయండి. చేసి వచ్చి రాయండి, నమ్ముతాను. ఆపరేషనుకు ఇంక పద్దెనిమిది రోజులే ఉంది. మా అత్త కండెలు చుట్టడం కూడా మానేసింది. నాకు ఏడుపొస్తోంది, మీకేమో ఆటగా ఉంది.

యశోదమ్మ

తా.క. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు గంగాధరం గారు కాకపోవడమే కాదు, ఈ జిల్లా మనిషే కారు.

*

తిరుపతి,
6-8-2001

చెల్లెమ్మ యశోదమ్మకు,

నేనే గంగాధరాన్ని. అదొక్కటే నిజం. తక్కినదంతా అబద్ధం.

నిన్న ఆదివారం మొదటి బస్సుకు కాణిపాకం పోయాను. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి నోరు తెరిచాను. మాట రాలేదు. వెనకున్న ఆయన "తొందరగా కానీయప్పా, నాదీ ప్రమాణమే ఉండాది" అన్నాడు. నేను ఆయనకు దారి ఇచ్చి, ప్రసాదం తీసుకుని తిరుగు బస్సెక్కాను.

నా పుస్తకం నా దగ్గర లేదమ్మా. ఐదువందలు వేయించి, కనబడిన ప్రతి పెండ్లికీ ఇచ్చాను. మిగిలినవి అటక మీద పెడితే చెదలు పట్టాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివినవి అవే. ఆ కథ ఎట్లా ముగించానో నాకు గుర్తులేదు. ప్రెస్సు ఆయన వచ్చి కౌంటరు దగ్గర నిలబడితే, యాత్రికులకు తాళాలిస్తూ ఆ పేజీ రాసిచ్చాను. రిక్షా యాడికి పోయిందో ఆ దేవుడికే తెలుసు, ఆయన ముందే నేను నోరు మూసుకుని వచ్చాను. ఆ రోజుల్లో నాకొక పిచ్చి, చదివినవాళ్లు ఏడిస్తేనే పెద్ద రచయిత అంటారని. అందుకే నాకిప్పుడు భయంగా ఉంది.

ఎవరూ చదవడం లేదని కలం మూసేసిన మనిషిని. మీ ఉత్తరం చూసిన సంబరంలో, మరిచిపోయానని చెప్పుకోను సిగ్గేసింది. నా సిగ్గు వల్ల అమ్మ చూపు పోతే నన్ను నేను క్షమించుకోలేను. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. తిట్టమను. తిట్టినాక ఆస్పత్రికి రమ్మని నేను కాళ్లు పట్టుకుని అడిగినట్టు చెప్పు. మా లాడ్జిలో కింది గది మీకోసం పెట్టి ఉంచాను. వేడినీళ్లు వస్తాయి.

మీ అన్న లాంటి,
గంగాధరం

తా.క. ఒక్క సంగతి అర్థం కాలేదు. మీ పుస్తకంలో ఆ పేజీయే లేదు కదా. రిక్షా బస్టాండుకు పోలేదని మీకెట్లా తెలిసింది?

*

నగరి,
24-8-2001

గంగాధరం అన్నయ్యకు చెల్లెలు యశోదమ్మ నమస్కరించి రాయునది.

ఆపరేషను బాగా జరిగింది. పదహారో తారీఖు నువ్వు ఆస్పత్రి మెట్ల దగ్గర కాఫీ ఫ్లాస్కుతో నిలబడి ఉంటే, నీ తా.క.కు జవాబు చెప్పాలని మూడుసార్లు నోటి దాకా వచ్చింది. ఎదురుగా చెప్పను ధైర్యం చాల్లేదు. అందుకని రాస్తున్నాను.

పేజీ ఉంది. ఆ రోజు కథ చదువుతూ నూట పన్నెండు తిప్పగానే నా కళ్లు ముందుకు పరిగెత్తాయి. లోకనాథం బిడ్డను తీసుకుపోయి లైబ్రరీలో దాచాడు, అక్కడైతే ఎవరూ వెతకరని. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కదా. మూడో రోజు వచ్చి చూస్తే దుప్పటి మడత మాత్రమే ఉంది. బిడ్డ లేదు, చచ్చిపోయింది. తలెత్తి చూస్తే మా అత్త కండె చుట్టే చెయ్యి ఆపి, నా వైపు ముఖం పెట్టి కూర్చుంది. గట్టిగా దగ్గి, ఆ దగ్గు చాటున పేజీ చించి నడుముకు దోపుకున్నాను. తరువాతి పేజీ లేదన్నాను. రాసినాయనకు ‘మీ ముగింపు మాకు వద్దు’ అని రాయలేక, నీకూ అదే రాశాను. నువ్వేమో చూసి రాస్తున్నానని బస్టాండంటే, దొంగ రచయితవని అనుకోక ఏమనుకోను? నన్ను క్షమించు అన్నా.

నీ ఆఖరి ఉత్తరం కరెంటు పోయినప్పుడు తా.క.తో సహా చదివేశాను. చదివాక గానీ నా పని పట్టుబడిందని తెలియలేదు. షెడ్డంతా నా వైపు చూసింది. మా అత్త ఒక్కతే నవ్వింది.

"నాకు పొర కండ్లల్లో ఉండాది గానీ సెవుల్లో లేదు కదే యశోదా. నువ్వు దగ్గింది ఇన్నాను, కాయితం సించిందీ ఇన్నాను. బిడ్డ సచ్చిపోయినాడని ఆ పొద్దే తెలుసు నాకు. సావు కబురు ఇని కత్తి కిందికి యట్లా పొయ్యేది?"

"మరి ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాయించినావత్తా?" అన్నాను.

"రాసినోడు ఏమంటాడో సూద్దామని. ఇప్పుడు అన్నాడు కదా. రాసినోడే మర్సిపోయినాడంటే అది సావెట్లయితాది? బిడ్డ బతికే ఉండాడు. సంచి సర్దు, ఆస్పత్రికి పోదాము" అంది.

మురుగేష్ ఊరుకోడు కదా. "యాడ ఉండాడవ్వా?" అన్నాడు.

"ఈడే. ఆరు మగ్గాల సద్దు ఇడిసిపెట్టి యాడికి పోతాడురా? కరెంటు పోయినబ్బుడు మనం సదివేది ఎవురికనుకున్నావు?"

కట్లు విప్పినాక ఆమె మా ముఖాలు చూడలేదన్నా. ముందు నీ పుస్తకం తెమ్మంది. చదవడం రాదు, అయినా నూట పన్నెండో పేజీ తెరిపించి, చించిన అంచు మీద వేలు పెట్టి చూసి, "పోగు తెగనీకుండా నేసేదానివి, కాయితం ఇంత వంకరగా సించినావేమే" అంది. నేను నవ్వుతూ ఏడ్చాను, అందరూ ఏడ్చారు. నువ్వు పెద్ద రచయితవి కావాలనుకుంటే అయిపోయావు.

ఇప్పుడు అసలు సంగతి. పుస్తకంలో కథలు అయిపోయాయి. రెండింటి నుంచి నాలుగింటి దాకా బిడ్డ పస్తుంటున్నాడని మా అత్త పోరు పెడుతోంది. కలం తెరువన్నా.

నీ చెల్లెలు,
యశోదమ్మ

తా.క. చించిన పేజీ ఇందులో పెట్టాను. నీ సొత్తు నీ దగ్గర ఉండనీ. మళ్లీ పుస్తకం వేయిస్తే మాత్రం, ఆ ఒక్క పేజీ చెదలకే ఇచ్చేయి. పాపం, అవీ నీ పాఠకులే కదా.