చర్చి గుమ్మం దగ్గర నీళ్ల తీర్పు

అమ్మాయి రెమెయ్‌కి మీ పెదనాన్న రాసేది.

నాకు రాయడం సరిగ్గా రాదు. వంకర అక్షరాలు చూసి నవ్వకు. పక్క పొలం ఒనోఫ్రె నా మీద ఫిర్యాదు చేశాడు. నా వంతు కానప్పుడు తూము ఎత్తి, ఉల్లి మడికి నీళ్లు దొంగిలించానట. ఆ రోజు నేను తూము ముట్టనే లేదు. అయినా గురువారం మధ్యాహ్నం వలెన్సియా పెద్ద చర్చి గుమ్మం ముందు, కాలువ తగువులు తీర్చే నీళ్ల పెద్దల ఎదుట నిలబడాలి.

ఇన్నేళ్లు ఒకే గట్టు మీద నడిచినవాడికి ఇప్పుడే కళ్లొచ్చాయా? నాకు నీ మీదే అనుమానంగా ఉంది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి ఏమన్నావు?

"పెదనాన్నా, గైడ్‌గా మా యాత్రికులకు సంత, పాత పట్టు మండీ చూపించి, గురువారాలు వాళ్లని ఆ చర్చి గుమ్మం ముందు ఎండలో నిలబెడతాను. బంట్రోతు కాలువల పేర్లు పిలుస్తాడు, ఎవరూ రారు, పెద్దలు లేచిపోతారు. ఒక్క తగువైనా రాదేం? వాళ్ల ముందు నా పరువు పోతోంది" అన్నావు.

ఆ ఆదివారమే నువ్వు ఒనోఫ్రె ఇంట్లో కూర్చుని చల్లటి ఓర్చాతా పానీయం తాగుతుంటే మీ పెద్దమ్మ చూసింది. నేను నిలదీస్తే వాడు, "మీ అమ్మాయినే అడుగు, ముసలోడా!" అని నవ్వాడు.

అక్కడ కాగితాలుండవు, వకీళ్లుండరు. పెద్దల నోటి మాటే తీర్పు. దొంగ అన్నారంటే కాలువ పొడుగునా నేను దొంగనే.

ఇది నీ పనైతే వాడి చేత ఫిర్యాదు వెనక్కి తీయించు. కాదంటావా, గురువారం నీ యాత్రికులందర్నీ తెచ్చి ముందు వరుసలో నిలబెట్టు. ఆ ముసలాయన ఎవరని అడుగుతారు. నీకొచ్చిన భాషలన్నిటిలోనూ చెప్పు, మా పెదనాన్న అని.