నీలం తిరిగిన బిళ్ళలు

నవంబరు 3
అక్షరాలు వంకర. తప్పులూ ఉంటాయి. ఆరో తరగతితో ఆగిపోయిన చెయ్యి, ఏమీ అనుకోకు కాగితమా. పైగా బొటనవేలు వంగడం లేదు. తలుపు సందులో పెట్టి నొక్కాడు మా ఆయన.

తప్పు నాదేనట. ఆయన బిళ్ళలు నీలమయ్యాయి.

నవంబరు 4
రూపాయి కాసంత బిళ్ళలు. ముదురాకుపచ్చ. కరెంటు పారే ప్లాస్టిక్ అట. పిండికన్నా సన్నని ఆక్సైడు పొడి కలిపి, అదిమి చేస్తాడు. మీటరు తీగలు ఆనించి అంకెలు రాసుకుంటాడు. దానిమీదే పీహెచ్‌డీ. కాలేజీకి సెలవులని ఇంటికి తెచ్చాడు. నాతో చెప్పింది ఒక్కటే — "చెమ్మ తగలకూడదు."

బయట ముసురు. ఇంట్లో చెమ్మ లేనిది ఎండుచేపల గదే, అత్త అక్కడ కుంపటి పెడుతుంది. అగ్గిపెట్టెలు, రేషన్ కార్డు అన్నీ అక్కడే. అందుకే బిళ్ళల డబ్బా కూడా మొన్న అక్కడే పెట్టాను.

నవంబరు 5
"ఏం పోసినావు మే?"
ఏమీ పోయలేదు.
"సబ్బు నీళ్ళా?"
అడిగినప్పుడల్లా ఒక దెబ్బ. నోట్లో రక్తం ఉప్పగా... గడప అవతల అత్త, చేపల తలలు తుంచుతూ — "మొహం మీద కొట్టబాకరా. రేపు అంగడికి పోవాల అది."

నవంబరు 6
మెడ తిరగదు.

నవంబరు 8
కొత్త బిళ్ళలు చేశాడు. ఈసారి పడకగది బీరువాలో. తాళంచెవి ఆయన మొలతాడుకు.

ఊడుస్తుంటే విరిగిన ముక్క ఒకటి దొరికింది, ఆకుపచ్చది. కొంగున కట్టుకుని చేపల గంపలు సర్దాను. సాయంత్రం విప్పితే — నీలం. నీళ్ళు తగల్లేదు, ఏమీ తగల్లేదు. గంపల దగ్గర కళ్ళు మండించే ఆ ఘాటు. అదే.

నవంబరు 9
ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మీటరు ఆనించి చూశాను. ఆకుపచ్చ బిళ్ళకు ఆయన రెండంకెల లెక్కే రాస్తాడు. అంకె పెరిగితే కరెంటుకు అడ్డు పెరిగినట్టని ఫోనులో అంటుంటే విన్నాను. నా ముక్కకు అంకెలు పైపైకి పరుగెత్తి మాయమయ్యాయి. కరెంటు పారడం లేదు.

చెప్పబోయాను. "చేపల ఘాటుకు..."
"నువ్వు నాకు చెప్తావా." నవ్వాడు. తర్వాత నవ్వలేదు. జుట్టు పట్టి గోడకు. మూడుసార్లు. తీగ చివరి సూది ముంజేతిలో దించి — "దీనికి పారతాదేమో చూద్దాం."

నవంబరు 12
వాన. చేపల గది కారుతోంది. అత్త గంపలన్నీ పడకగదిలోకి చేర్చింది, బీరువా పక్కకే.
తీసేద్దాం అత్తా, అన్నాను.
"నీ మొగుడి బిళ్ళలకు నా చేపలు అడ్డమొచ్చినాయా? వాడు తినేది ఏందంట?"

రేపు సారు వస్తాడట, ఆయన చేత పీహెచ్‌డీ చేయించే సారు, కాలేజీ నుంచి, బిళ్ళలు కొలవడానికి. ఆయన అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు — "రేపు గాని నీలం కనపడిందా, నిన్ను సముద్రంలో కలిపేస్తా."

నవంబరు 13, పొద్దున
బండి ఆగింది. సారు గొంతు. ఆయన ఇంకా బీరువా తెరవలేదు. లోపల ఏ రంగో నాకు తెలుసు.

టీ నేనే తీసుకెళ్ళాలి. సారు ముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. గ్లాసు పక్కన నా నీలం ముక్క పెట్టాను. దాని కింద చీటీ — ఎండుచేపల ఘాటుకు ఇలా అయింది, నేనేమీ పోయలేదు.

నేను తిరిగొచ్చి రాయకపోతే... ఈ కాగితాలు దొరికినవాళ్ళు వీటిని కుంపట్లో వేసెయ్యండి. మా అమ్మ చదవకూడదు. ముక్కను మాత్రం కాల్చొద్దు.

ఆయన పిలుస్తున్నాడు.