తుపాను షెల్టరులో కాపురాలు

తహసీల్దారు గారికి,

మా మత్స్యకారుల తుపాను షెల్టరును మీరు పోర్టు కంపెనీ పనికి రప్పించిన బీహారు కూలీలకు బసగా ఇచ్చేశారు. మొన్న తుపానుకు వలలు నెత్తిన పెట్టుకుని, పిల్లలతో వెళితే లోపల కాలు పెట్టే చోటు లేదు. వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. అది కంపెనీ హాస్టలని చెప్పారట వాళ్లకు! సంగతి తెలిశాక మమ్మల్ని లోపలికి పంపి, వాళ్లు గాలివానలో మెట్ల మీద కూర్చున్నారు.

మా అత్త గురమ్మ నన్నే కసిరింది. "ఆళ్లనేటంతావే? ఇల్లు కట్టకుండా పిలిసినోళ్లని అడుగు."

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మళ్లీ వాయుగుండం అంటున్నారు. ఈసారి మెట్ల మీద ఎవరు కూర్చోవాలి? మేమా, వాళ్లా? మీ చేత్తోనే రాసి పంపండి.

ఇట్లు,
షెల్టరు పక్క వీధి మత్స్యకార మహిళ