కర్గీ రోడ్‌లో కొన్న కుండ

జనవరి 4, ఆదివారం

మంచు. పొద్దెక్కితే గానీ ఎండ రాలేదు. బట్టలు ఉతికి క్వార్టర్ వెనక తీగ మీద ఆరేశాను. దుప్పట్లు సాయంత్రానికి కూడా తడిగానే ఉన్నాయి.

ఆయనకు రెస్ట్. పాసింజర్‌లో కర్గీ రోడ్ వెళ్ళాం. స్టేషన్ బయట వేడి వేడి చీలా అట్లు, టమాటా చట్నీ. ఆయన మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.

సంతలో చేపల పులుసుకు కుండ చూశాం. కుండ ఎంచడం ఎప్పుడూ ఆయన పనే. కీమాన్ కదా — రోజూ తన బీటంతా నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే క్లిప్పులను సుత్తితో కొట్టి, మోతను బట్టి ఏది వదులో చెబుతారు. కుండనూ అలాగే... వేలి కణుపుతో కొట్టి, తల వంచి వింటారు.

ఒకటి కొట్టారు. బొంగురుగా పలికింది. నాకు వినబడింది. అమ్మే ఆవిడకూ వినబడింది, ఇంకో కుండ ముందుకు తోసింది.

"ఇన్నేళ్ళుగా ఇనుము వాయిస్తన్నాను. నాకు సెప్తాదేటి ఈవిడ" అని నాతో అని, మొదటిదే తీసుకున్నారు.

సంతలో, అందరి ముందు... అది పగిలిందని ఎలా అనను.

జనవరి 5, సోమవారం

రోహు చేప. సగం పులుసు కుండ అడుగు నుంచి కారి పొయ్యి ఆరిపోయింది. ఆయన వచ్చేలోపు మిగిలింది స్టీలు గిన్నెలోకి వంచి, కుండ బయట పారేశాను.

"కుండలో వండలేదేటే?"

చెయ్యి జారి పగిలిందన్నాను.

"నీ సేతుల్లో ఏదీ నిలవదు." రెండుసార్లు కలుపుకుని తిన్నారు.

జనవరి 8

మా అమ్మాయి ఫోన్. ఆయన తీసుకుని, ఒక్క నిమిషం విని, నాకిచ్చేశారు. ఈమధ్య ఎప్పుడూ ఇంతే.

జనవరి 11, ఆదివారం

మళ్ళీ కర్గీ రోడ్. ధాబాలో నాటుకోడి కూర, అన్నం. కారం గట్టిగానే పడింది. ఆయన చెమట తుడుచుకుంటూ తిన్నారు.

తిరిగి స్టేషన్‌కు లైన్ పక్క నుంచే నడిచాం. రైల్వేవాళ్ళం, రోడ్డు మీద ఎవరు నడుస్తారు. ఆయన ముందు, నేను వెనక. లైన్ మీద మాట్లాడకూడదని పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. అందుకే పలకకపోతే పట్టించుకోను.

వెనక బొగ్గు బండి. హారన్ మీద హారన్. నేను కంకర దిగిపోయాను. ఆయన స్లీపర్ల చివర్ల మీద అలాగే నడుస్తున్నారు. పరుగెత్తి చొక్కా పట్టుకు లాగాను. ఇద్దరం గడ్డిలో పడ్డాం.

బండి వెళ్ళేదాకా నా పెదాల వైపే చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానలకి ముందు నుంచే. ఎడమ సెవి పూర్తిగా పోనాది. కుడిది కొంచెం పలుకుతాది."

స్టేషన్ దాకా నేను ఆయన చొక్కా వదల్లేదు. ఆయన వదిలించుకోలేదు.

జనవరి 12, సోమవారం

డ్యూటీకి వెళ్ళారు. సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా ఏ పనీ సాగలేదు.

జనవరి 15

చెప్పాను. డాక్టరుకు చూపించుకోండి, ఆఫీసులో వేరే పని ఇస్తారు.

"ఏ పని? సాబ్‌కి టీ అందిస్తానా? బల్లలు తుడుస్తానా?"

"బతికుంటారు."

"లైన్ మీద నాను సావనే. బండొస్తే పట్టా వొణుకుతాది. కాళ్ళకి తెలిసిపోతాది."

"మొన్న తెలిసిందా?"

"మొన్న సెప్పులేసుకున్నాను కదా."

"డ్యూటీకి బూట్లు కదా వేసుకుంటారు?"

కంచం ముందు కూర్చుని, మెతుకులు ఒక పక్కకి చేరుస్తూ ఉండిపోయారు.

జనవరి 18, ఆదివారం

బస్సులో ఖుటాఘాట్. డ్యామ్ నిండా నీళ్ళు, చల్లగాలి. గట్టు కింద కొట్లో చేపలు వేయించి ఇచ్చారు. ఆయన ముళ్ళు తీసి, మెత్తటి ముక్కలన్నీ నా ఆకులో పెట్టారు. ఇంతకు ముందెప్పుడూ అలా పెట్టలేదు.

"సాహుకి మాత్రం సెప్పకు." సాహు వీళ్ళ గ్యాంగ్‌కి పెద్ద, మేట్. పక్క క్వార్టరే.

నేను నీళ్ళ వైపు చూశాను.

"ఫిబ్రవరిలో పూరీ ఎల్దాం. పాస్‌కి రాసీసినాను. సముద్రం సూడాలని ఎప్పుడు నుంచి అంటన్నావు."

తిన్నాను. చేప బాగుంది. అది కూడా రాయాలి.

జనవరి 22

ఎదురు క్వార్టర్‌లో పెళ్ళి బాజా. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కిటికీ పక్కనే కునుకు తీశారు.

జనవరి 25, ఆదివారం

ఎక్కడికీ వెళ్ళలేదు. మాంసం తెచ్చి ఆయనే వండారు. ధనియాలు మాడ్చారు. బాగుందన్నాను. నా మొహం చూసి, "అబద్దమాడకే" అని నవ్వారు. నవ్వుతుంటే చూస్తూ ఉండిపోయాను... పని ముగించుకుని సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరితే చాలు, ఈ మనిషి ఇలాగే ఉంటాడు.

జనవరి 29

ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. మోచేయి గీరుకుపోయింది.

"కంకరలో జారినాను."

"బండి వచ్చిందా?"

"జారినానంటన్నాను కదా."

పసుపు పెట్టాను. పూర్తిగా పెట్టకముందే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆయన బజారుకు చేపలకని వెళ్ళారు. నేను సాహు ఇంటికి వెళ్ళాను. వాకిట్లోనే నిలబడి చెప్పాను. చెవుల సంగతి, కర్గీ రోడ్ దగ్గర బండి సంగతి, మోకాలి సంగతి.

సాహు హిందీలో — "అచ్ఛా. అందుకేనా, పిలిస్తే చెయ్యి ఊపి ఊరుకుంటున్నాడు. మేమంతా పొగరెక్కిందనుకున్నాం, భాభీ." మళ్ళీ — "సాబ్ చెవిన పడితే ఇక లైన్ ఎక్కనివ్వరు. ఆలోచించుకున్నారా?"

ఆలోచించుకున్నానన్నాను.

"నా మొహం చూడడు ఇక."

"నా మొహం కూడా" అన్నాను.

రేపు ఆయన బయలుదేరకముందే గుమ్మంలో ఆపుతానన్నాడు. అక్కడ నుంచి నేరుగా సాబ్ దగ్గరకు తీసుకువెళ్తాడట.

ఆయన రొయ్యలు తెచ్చారు. చేపలు బాగా లేవట. వేపుడు చేశాను. తింటూ పూరీ మాటే. ఎక్కడ దిగాలి, ఏ సత్రం, సముద్రానికి ఎంత దూరం. నేను ఊఁ కొట్టాను. అది వినబడదని గుర్తొచ్చి తల ఊపాను.

సాహుకి చెప్పానని ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి 2, సోమవారం

మంచు. వాకిట్లోంచి గేటు కనబడడం లేదు. పొయ్యి మీద టీ పెట్టి వచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుని ఉన్నారు. "మంచు రోజు తొందరగా ఎల్లాలి" అన్నారు. టీ తాగండి, ఇంకాసేపాగండి అని రెండుసార్లు అన్నాను. రెండోసారి నా వైపు చూడలేదు.

ఆయన ఆరు కాకముందే వెళ్ళారు.

సాహు తలుపు కొట్టి, ఆయన అప్పుడే వెళ్ళిపోయారని చెప్పాను. సాహు ఆరున్నరకు ఆయన కోసం లైన్ మీదకు వెళ్ళాడు. ఇంకా గేటు చప్పుడు కాలేదు.