కారం చేతులు, చంటిపాప

చెల్లి సుజాతకు అక్క బోలెడు దీవెనలతో రాసేది,

ఇక్కడ నేనూ, మీ బావా, చంటిదీ బాగున్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నాన్న మగ్గం గుంటలో దిగుతున్నాడా, ఇంకా దగ్గుతూనే ఉన్నాడా? నీకు ఎనిమిదో నెల కదా, జీడిపప్పు పనికి ఇంకా పోతున్నావా? ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత అమ్మకు వినిపించు. నాన్న ముందు చదివావో, నీ వీపు విమానం మోతే!

మూడో నెల చంటిదాన్ని ఎత్తుకుని, వేటపాలెం వదిలి సత్తెనపల్లి పక్కన ఈ ఊరొచ్చి నెలన్నర దాటింది. మీ బావ మిర్చి బస్తాలు మోస్తున్నాడు. నేను కల్లంలో తాలుకాయలు, అంటే రంగు పోయిన మిరపకాయలు, ఏరుతున్నాను. ఎండ మాడ్చేస్తోంది. ఎటు చూసినా ఎర్రటి కాయలే, తుమ్ములే. ఇక్కడి కూరలు తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. మాట్లాడే మనిషి లేక మొదటి పదిరోజులూ ఏడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, అమ్మను దిగులు పడొద్దని చెప్పు.

అసలు సంగతికొస్తాను. పోయిన వారం చనుమొనలు రెండూ పగిలి నెత్తురొచ్చింది. పని మధ్యలో కొంగు చాటున హడావిడిగా పాలు పట్టేదాన్ని. సబ్బుతో చేతులు కడిగాను కదా అనుకున్నాను, కారం సబ్బుకు పోతుందా? ఒకటే మంట! చిన్నప్పుడు మనకు ఆటలమ్మ పోస్తే అమ్మ వేపాకు రాసేది కదా, పుండు మానుతుందని నేనూ వేపాకు నూరి పట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! చంటిది ఒక్కసారి చీకి, మొహం చిట్లించి గుక్కపట్టింది. ఆ తర్వాత ఒళ్ళో పడుకోబెడితే చాలు, వెనక్కి విరుచుకుపడేది. పాలు ఎండిపోతాయేమోనని భయపడ్డాను. డబ్బాపాలు మనకెక్కడ అందుతాయి?

మా ముఠా మేస్త్రి రూతమ్మ పెద్దమ్మకు అరవై దాటాయి. ఆమె గొంతెత్తితే పక్క కల్లం వాళ్ళు కూడా ఉలిక్కిపడి పనిలోకి దిగుతారు. "ఏమ్మే, పిల్ల అట్టా ఏడుస్తంటే చూస్తా కూర్చున్నావేంటి?" అంటూ వచ్చింది. జరిగింది చెప్పాను.

"ఓసి నీ తెలివి తగలెయ్య! పాలు మాన్పించేటప్పుడు రాస్తారే వేపాకు! నీ పిల్లకి నువ్వే మాన్పించావే!"

కల్లమంతా నవ్వింది.

"కారం నూనెకి లొంగుద్దే పిచ్చిదానా" అని ముందు చేతులకు కొబ్బరినూనె రుద్దించి, తర్వాత సబ్బుతో కడిగించింది. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి చేదు పోయేదాకా రొమ్ము తుడిపించింది. నా పాలే నాలుగు చుక్కలు పిండి మొనలకు రాసుకుని, గాలికి ఆరనిమ్మంది. ఆరాక పల్చగా కొబ్బరినూనె రాయాలట, పాలిచ్చే ముందు తుడిచెయ్యాలట. "మొన ఒక్కటే నోట్లో పెడితే పగలదా మరి? చుట్టూ నల్లగా ఉన్నదంతా లోపలికి పోవాల" అని పాపను పట్టుకునే తీరు నేర్పింది. జ్వరమొచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా మాత్రం వెంటనే నర్సమ్మ దగ్గరికి పొమ్మంది.

అంతటితో ఊరుకుందా? కల్లం రైతును నిలదీసింది. "బాలింతని కాయల్లో కూర్చోబెట్టనండి. కొత్త గోతాలు కుట్టుద్ది. కాదంటే మేమంతా లేస్తాం." ఆయన సరేననక ఏం చేస్తాడు! ఇలాంటి మనిషిని నేను బుద్ధెరిగాక చూడలేదు సుజాతా.

రేపు కాన్పయ్యాక నువ్వు జీడి రసం అంటిన చేతులతో పిల్లను ముట్టుకోకు సుమా. అమ్మ పాత నూలు చీర ఒకటి ఎవరైనా ఇటొస్తుంటే పంపించు, రొమ్ముకు గరుకు తగలని గుడ్డ కావాలి.

చంటిది మూడు రోజులు మొండికేసింది. పిండిన పాలే చెంచాతో పట్టాను. నిన్న మధ్యాహ్నం అన్నాలవేళ, నిద్రమత్తులో ఉన్నదాన్ని పెద్దమ్మ చెప్పినట్టు దగ్గరగా పట్టుకున్నాను. వాసన చూసింది. మూతి తిప్పింది. చటుక్కున అందుకుని గుటకలు వేయడం మొదలుపెట్టింది! నొప్పి లేదే చెల్లీ! నాకు ఏడుపాగలేదు.

తలెత్తి చూస్తే పెద్దమ్మ ఎదురుగా నిలబడి, కాయలేరిన చేతులతోనే కళ్ళు తుడుచుకుంటోంది. "పెద్దమ్మా, కారం!" అని నేను అరిచేలోపే అయిపోయింది. "అమ్మో, చచ్చాన్రోయ్!" అని గంతులేస్తూ, కళ్ళు ధారలు కడుతున్నా, "నన్ను చూస్తావేంటే! పిల్లని తాగనియ్!" అని నన్నే కసిరింది.

అమ్మానాన్నల పాదాలకు నా నమస్కారాలు. చంటిదాన్నీ, పెద్దమ్మ కళ్ళనూ దీవించమను.

నీ అక్క,
పద్మ