కొలకర్ర ఇచ్చినందుకు

పిడుగురాళ్ల,
శుక్రవారం.

అన్నయ్యకు, వదినకు తమ్ముడు ప్రసాదు, మరదలు కరుణ వందనాలు చెప్పుకుని రాస్తున్నాం. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. చంటిదానికి రెండో పన్ను వచ్చింది. వదిన మోకాలు ఎలా ఉంది? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? నావ ఇంజను ఇంకా పొద్దున్నే మొరాయిస్తూనే ఉందా? అన్నీ వివరంగా రాయించు. నువ్వు "అంతా బాగే" అని ఒక్క ముక్క రాయించి ఊరుకుంటే కరుణ ఒప్పుకోదు.

మా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఈ ఊళ్ళో ఎండకి తోడు సున్నపు బట్టీల పొగ, ముగ్గుపిండిలాంటి దుమ్ము. పొద్దున నల్లగా దువ్వుకున్న తల మధ్యాహ్నానికి ముసలివాడి తల అయిపోతుంది. అల చప్పుడు వినపడక మొదటి నెలంతా చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నాను. ఇక్కడ దొరికేది చెరువు చేప. ఎంత కారం పోసినా దానికి రుచి రాదు. అయినా గోంగూర, పప్పు బాగానే తింటున్నాం, దిగులు పడకండి.

డ్రైవరు పని బాగుంది. డాక్టరమ్మగారు కోపిష్టి గానీ మనసు మంచిది. ఆవిడ కారు మాత్రం వయసులో నాకంటే పెద్దది. నేను వచ్చిన కొత్తలో స్టీరింగు ఎడమకి తిప్పితే చాలు, హారన్ దానంతట అదే మోగేది. నేను ఎడమకి తిరుగుతున్నానని ఊరంతటికీ తెలిసిపోయేది. లోపల వైరు ఒరుసుకుని పైతొడుగు ఊడిపోయింది. సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టాను, నోరు మూసింది. పెట్రోలు మీటరు ఇంకో తమాషా. ట్యాంకులో చుక్క లేకపోయినా ముల్లు నిండుగా ఉన్నట్టే చూపించేది.

అప్పుడు నీ కర్ర గుర్తొచ్చింది. నిజం చెబుతున్నాను, కోప్పడకు. సముద్రం వదిలి పోతున్నానని నాలుగు రోజులు నాతో మాట్లాడకుండా, బస్సు కదిలేముందు నావలో డీజిలు కొలిచే సరుగుడు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టావు. ఎత్తిపొడుపు కాకపోతే ఇదెందుకు అని ఒంగోలు దాకా గొణుక్కుంటూనే ఉన్నాను. నవ్విన నాపచేనే పండింది. ట్యాంకు గొట్టం నిటారుగా ఉంది, కర్ర అడుగు దాకా దిగింది. డబ్బాతో లీటరు లీటరు పోస్తూ నీలాగే గాట్లు పెట్టాను. డాక్టరమ్మగారు మీటరు బాగుచేయమన్నప్పుడల్లా, "కర్ర ఉందిగదమ్మా" అనేవాణ్ణి. ఆ పొగరే నా కొంప ముంచబోయింది.

పోయిన ఆదివారం ప్రార్థనకి బయల్దేరుతుంటే క్వారీ గుంతల దగ్గర గుడిసెల నుంచి కబురొచ్చింది. బట్టీలో పనిచేసే ఆమెకి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. షెడ్డులో బస్తాలు దించారని ముందురోజు కారు బయట పెట్టాను. అక్కడే కర్ర దించి చూశాను. మూడో గాటు దాకా తడి ఉంది. చాలనుకుని డాక్టరమ్మగారిని ఎక్కించుకుని గుంతలోకి దిగాను.

ఆమెనీ, ఆమె అత్తనీ ఎక్కించుకుని మెరక ఎక్కుతుంటే సగంలో ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది అన్నయ్యా. ముందురోజు కారు ఆపింది ఏటవాలు నేల మీద. పెట్రోలంతా కర్ర దించే వైపుకి చేరి ఎక్కువగా కనపడింది. నావ ఎంత ఊగినా నీళ్ళు దాన్ని మళ్ళీ సమంగా నిలబెడతాయి. నేల అలా కాదు, ఒక పక్కకి వంగితే వంగే ఉంటుంది. పుట్టిందగ్గర్నుంచీ నీళ్ళమీద కొలిచినవాణ్ణి, ఆ సంగతి నాకు తట్టలేదు.

"కర్ర ఉందన్నావుగా," అన్నారు డాక్టరమ్మగారు. అంతే అన్నారు. ఆదివారం కదా, క్వారీ లారీ ఒక్కటీ లేదు. నొప్పులు పడుతున్నామె సీటు కమ్మీ పట్టుకుని మూలుగుతోంది. ఆమెకేమైనా అయితే ఇక నేను మనిషినేనా అనుకున్నాను.

అంతలో నీ తిట్టు వినపడింది. నావ ముక్కు అల మీదకి లేచినప్పుడు ఇంజను దగ్గేది, నేను డీజిలు క్యాను కోసం పరిగెత్తేవాణ్ణి. "ఒరేయ్, నూనె అయిపోలేదురా, వెనక్కి పోయింది. నావ తిప్పు," అని అరిచేవాడివి. ఇక్కడా అంతే. మెరకలో కారు మొహం పైకి లేచింది, మిగిలిన కాస్త పెట్రోలూ ట్యాంకు వెనక్కి జరిగింది, ఇంజనుకి పోయే గొట్టం ముందువైపుంది. బ్రేకు వదిలి కిందికి జార్చాను. చదునులో నేనూ డాక్టరమ్మగారూ ఆ అత్తా కలిసి కారు వెనకభాగం మెరక వైపుకి వచ్చేలా తిప్పాం. ఇంజను పక్కనున్న పంపు కింది చిన్న పిడిని చేత్తో ఆడించి పెట్రోలు లాగాను. ఇంజను అందుకుంది. రివర్సు గేరు వేసి వెనక్కి వెనక్కే మెరక ఎక్కించాను.

"ఏందయ్యో, మొహం గుంతలోకి పెట్టి తోల్తన్నావు? మమ్మల్ని యాడికి తీసకపోతన్నావు?" అని ముసలామె గోల.

"ఆసుపత్రికేనమ్మా, నువ్వు ఆ పిల్లని పట్టుకో," అన్నారు డాక్టరమ్మగారు. "నువ్వు వెనక్కి చూసి తోలవయ్యా."

ఆసుపత్రి గేటు ముందు ఆగిపోయింది. మిగతా పది గజాలూ తోశాం. గంటలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో నాకే తెలియదు.

తర్వాత తాళాలు పట్టుకెళ్ళి డాక్టరమ్మగారి ముందు నిలబడ్డాను. తప్పు నాదేనని చెప్పాను. "కర్రది తప్పు లేదు, నేల చూసుకోకపోవడం నీ తప్పు," అన్నారు. "ఆ మీటరు బాగుచెయ్యి. ఇద్దరు సాక్షులుంటే మంచిది. తాళాలు జేబులో పెట్టుకుని వెళ్ళి భోంచెయ్యి." ఆ మాటకి ఆవిడ ముందే ఏడ్చేశాను.

మర్నాడే మీటరు పట్టాను. ట్యాంకు దగ్గరి వైరు ఊడదీసి ఇనుముకి ఆనించగానే ముల్లు పడిపోయింది. అంటే మీటరు మంచిదే, లోపం ట్యాంకు వైపుంది. ట్యాంకు నుంచి బాడీకి పోయే ఎర్తు వైరు తుప్పూ సున్నమూ పట్టి తెగి ఉంది. గరుకు కాగితంతో రుద్ది కొత్త ముక్క బిగించాను. ఇప్పుడు ముల్లు అబద్ధం చెప్పడం లేదు.

వదినకి చెప్పు, కరుణ ఎండు నెత్తళ్ళు అడిగింది. పాస్టరుగారు వచ్చే నెల ఇటు వస్తారట, ఆయన చేతికిస్తే చాలు. పెద్దమ్మకీ, చర్చిలో అందరికీ మా వందనాలు. చంటిదాని కోసం ప్రార్థన చెయ్యండి. చిన్నవాణ్ణి, తెలియక నీ మీద గొణుక్కున్నాను. మనసులో పెట్టుకోకుండా దీవించు.

కాగితం అయిపోతోంది, ఒక్క మాట. మీటరు బాగైనా పొద్దున్నే కారుని చదునులో పెట్టి కర్ర దించుతూనే ఉన్నాను. తీసి చూసేటప్పుడు నువ్వు చుక్కాని దగ్గర నిలబడి "ఎంత ఉందిరా?" అని అడిగినట్టే ఉంటుంది. ఆసుపత్రిలో వాళ్ళు నవ్వినా సరే, రోజూ పైకే చెబుతున్నాను అన్నయ్యా, "సగం పైనే ఉంది" అని.

నీ తమ్ముడు,
ప్రసాదు