పెనం రంగు పిస్టల్

సుంగై పెటాని,
22 సెప్టెంబరు 2024, ఆదివారం.

పూజ్యురాలైన ఉమప్పకి,

తోడబుట్టకపోయినా నీ సెల్లెలు పాపాయి వంగి నమస్కారం సేసి రాసుకున్న ఉత్తరం. తెలుగు సంఘం బడిలో మనకి ఉత్తరాలు నేర్పినప్పుడు, ఉభయకుశలోపరి అనే మొదలెట్టాల అని సెప్పినారు గదా. నీ కుశలం నాకు తెలీనిస్తేగా! ఫోన్లో నన్ను బ్లాక్ సేసి మూడేళ్ళయినాది. అందుకని ఇది నా ఒక్కదాని కుశలోపరి. మోకాలి నెప్పి తప్ప అంతా బాగున్నాది. పోర్ట్ క్లాంగ్‌లో నీ ఎడ్రసు మీ తమ్ముడు రెంగసామి ఇచ్చినాడు. ఆడిని తిట్టకు. మూడు వారాలు ఆడింటి సుట్టూ తిరిగి, ఆడి పెళ్ళానికి రెండు సీసాల మాగాయి ఇచ్చి రాబట్టినాను.

తెలుగు అక్షరాలు రాసి ఎన్నాళ్ళయినాదో. తప్పులుంటే నవ్వుకో, గానీ సివరిదాకా సదవకుండా సింపెయ్యకు. ఈ కబురు నీకు సెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతాది.

అప్పా, మన షూటింగ్ క్లబ్బుకి కొత్త ఫార్టీఫైవ్ పిస్టల్ వస్తన్నాది!

ఓలమ్మో, నిజమే! నువ్వూ నేనూ పదేళ్ళు వంతులేసుకుని పేల్సిన ఆ ముసలి పిస్టల్ ఉన్నాది సూడు, అది ఇప్పుడు మూడు బుల్లెట్లకోసారి మొరాయిస్తన్నాది. కొత్తది కొనడానికి పోలీసోళ్ళ పర్మిషను కోసం పద్నాలుగు నెలలు కాయితాలు మోసినాము. ఆఖరికి పోయిన నెల వచ్చినాది. ఒక్కటంటే ఒక్కటే. మన సెక్రటరీ ఇళంగోవన్ మీటింగు పెట్టి, ఈ పెద్ద గన్ను ఎక్కువగా పట్టేది ఆడోళ్ళ టీమే, కాబట్టి వాళ్ళలో పాత మనిషే ఎంచాల అన్నాడు. అందరూ నాకేసి తిరిగినారు. నా ఎనకాల ఎవరైనా ఉన్నారేమో అని నేనూ తిరిగి సూసినాను!

నవ్వకు. గన్నుల సంగతి ఇళంగోవన్‌కి నాకంటే బాగా తెలుసు, పుస్తకాలు సదివినాడు. గానీ సేతుల సంగతి నాకు తెలుసు. ఇరవైరెండేళ్ళుగా గ్లోవుల ఫేక్టరీలో ఒక్కో గ్లోవులో నీళ్ళు పోసి, పైకెత్తి, ఎక్కడ కారుతాదో సూసేదాన్ని. ఎవరైనా సెయ్యి కలిపితే గ్లోవు సైజు సెప్పేస్తాను. ఇళంగోవన్‌ది ఎనిమిది, నాది ఏడున్నర, నీది ఆరున్నర. గన్నైనా గ్లోవైనా ముందు సేతికి సరిపోవాల. మిగతా సోకులన్నీ తరవాత.

నిన్న శనివారం పొద్దున్నే డీలరు కౌలాలంపూరు నుంచి మూడు పెట్టెలు తెచ్చినాడు. క్లబ్బు టీషర్టు ఇస్త్రీ సేసుకుని, పెళ్ళిసూపులకి ఎల్లినట్టు ఎల్లినాను. ఒక్కటే సిక్కు. గురువారం బైకు స్టాండు ఏస్తుంటే కుడిసెయ్యి బెణికినాది. రెండు వేళ్ళకి టేపు సుట్టి కట్టేసుకున్నాను. అందుకని అన్నీ ఎడంసేత్తోనే పేల్సినాను. ఇళంగోవన్ మరో వారం ఆగుదాం అన్నాడు. ఆగేదేటి, ఈ డీలరు మళ్ళీ ఎప్పుడొస్తాడో అని నేనే ఒప్పుకోలేదు.

మొదటిది వెండి గిన్నెలాగ తళతళలాడతన్నాది. ఇళంగోవన్ దాని మీంచి సూపు తిప్పలేదు. పేల్సినాను. అప్పా, ఫార్టీఫైవ్ సప్పుడు మరిసిపోయినావా? సిన్న గన్నులాగ టప్ అనదు గదా. జింకు రేకుల మీద కొబ్బరికాయ పడ్డట్టు దబ్బుమంటాది, మోసెయ్యి దాకా తోస్తాది. నాకు ఒళ్ళంతా పులకరించిపోయినాది, గట్టిగా నవ్వేసినాను. గానీ అది పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఒక పక్కనే ఉన్నాది, ఎడంసేత్తో పట్టుకుంటే బొటనేలికి అందదు. పిడి కూడా లావు. నా ఏడున్నర సెయ్యే సాలలేదు. ఇది వద్దన్నాను. ఇళంగోవన్ మొహం మాడిపోయినాది.

రెండోదాని పిడి బంగారం. సేతిలో ఎంత బాగా కూకున్నాదో! గానీ మొదటి బుల్లెట్టు లోపలికి ఎక్కాలంటే పైన స్లైడు ఎనక్కి లాగాల గదా. టేపు సుట్టిన సేత్తో మూడుసార్లు లాగినాను, మూడుసార్లూ జారిపోయినాది. వేళ్ళు బాగయ్యాక లాగితే వస్తాది గదా ఆంటీ అని డీలరు నవ్వినాడు. బాగవ్వవు అనుకుని సూడు బాబూ అన్నాను. ఆడికి ఏటీ బోధపడలేదు. అదీ వద్దన్నాను.

మూడోది పెట్టెలోంచి తీస్తే అందరూ ఉసూరుమన్నారు. మెరుపు లేదు, సోకు లేదు. దోసెలు పోసి పోసి నల్లబడ్డ పెనం రంగు. గానీ అప్పా, సేఫ్టీ రెండు పక్కలా ఉన్నాది! బుల్లెట్ల మేగజిను ఊడదీసే బొత్తాం ఎటు కావాలంటే అటు మార్సుకోవచ్చు! స్లైడు మీద గాట్లు ఎంత లోతంటే, అరిసెయ్యీ బొటనేలూ సాలు, సర్రున వచ్చేస్తాది. పిడి సన్నం. బరువు కిలో దాటినాది, అందుకని ఎనక్కి తోపు తక్కువ. అయిదు పేల్సినాను. టార్గెట్టు దగ్గిరకి ఎల్లి సూస్తే అయిదు సిల్లులూ కాఫీ సాసరు కింద దాసేయొచ్చు. ఎడంసేత్తో! ఈ మోకాలితోనే గెంతినాను. ఆయుధాల గది సూసుకునే మలాయ్ పెద్దాయన ఎంచిక్ రోస్లాన్ అది సూసి, మెల్లిగా లా, కొత్త మోకాలికి పోలీసోళ్ళు పర్మిషను ఇవ్వరు అన్నాడు. మాట సివర ఆ లా తగిలించడం ఆయనకి ఇంకా పోలేదు, నాకూ అంటుకున్నాది.

ఇదే కావాల అన్నాను. ఇళంగోవన్ గంటసేపు వాదించినాడు. టీములో ఎడంసేతోళ్ళు ఒక్కరూ లేరు, నీ సెయ్యి వారంలో నయమవుతాది, అంత అందమైనదాన్ని వదిలేసి ఈ పెనం ఏటికి అన్నాడు. రెండు పక్కలా పనిసేసేది కుడిసేతోళ్ళకి మాత్రం పనికిరాదా, ఎంచమన్నది నన్ను, ఎంచినాను అన్నాను. నా నోరు నీకు తెలుసు గదా. ఆఖరికి సంతకం పెట్టినాడు.

వచ్చే నెల ఆయుధపూజ నాటికి కొత్తది క్లబ్బుకి వచ్చేస్తాది. మొదటిసారి మనం గన్నుకి బొట్టు పెడతామని అడిగితే, రోస్లాన్ హడలిపోయి, లోపలికి పొడి పోతే పాడైపోతాది, కావాలంటే పెట్టెకి పెట్టుకోండి అన్నాడు, గుర్తున్నాదా? ఆ పాత పెట్టె మూత మీద నువ్వు పెట్టిన బొట్టు మరక ఇప్పటికీ ఉన్నాది. నీ తరవాత నేను దాని మీద పెట్టలేదు. మనసొప్పలేదు.

ఆ మాట గురించి ఇందులో రాయకూడదు అనుకున్నాను. రాస్తే ఏడుస్తాను, ఇది ఏడుపు ఉత్తరం గాదు. గానీ రాయకపోతే మరి నేనేటి మనిషిని? ఆస్పత్రిలో మూడో రోజు, నువ్వు నిద్దరోతన్నావనుకుని, నీ మంచం పక్కనే నిలబడి ఇళంగోవన్‌తో అన్నాను, అప్ప సెయ్యి ఇంక గన్ను పట్టదు, పోటీకి ఆవిడ బదులు నా పేరు రాసెయ్యి అని. నువ్వు నిద్దరోలేదు. అన్నదాన్ని అక్కడితో ఊరుకున్నానా? పోటీకి ఎల్లినాను, మెడల్ తెచ్చుకున్నాను, దాని ఫొటో నీ ఫోనుకి పంపినాను! నీ వేళ్ళు రెండూ సెక్కల ఫేక్టరీ మిషను తీసుకున్నాది. నీ గన్ను నేను తీసుకున్నాను. సిగ్గులేనిదాన్ని అప్పా. ఆ మెడల్ బీరువాలో బట్టల అడుగున పడున్నాది, మళ్ళీ తీసి సూడలేదు.

సరే, ముక్కు తుడుసుకున్నాను. డిసెంబరులో రాష్ట్ర పోటీ. టీముకి నలుగురు కావాల, ముగ్గురమే ఉన్నాము. పేర్లు అక్టోబరు పదిహేనులోగా ఇచ్చెయ్యాల. నాలుగో గడి నింపొద్దు అని ఇళంగోవన్‌కి సెప్పినాను. ఎందుకో సెప్పలేదు. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు. సంగతి తెలియపరిసినాను, అంతే.

అక్కవని నిన్ను అప్పా అని పిలిస్తే తమిళోళ్ళు నవ్వేవోళ్ళు గదా, ఈ తెలుగుది ఆడమనిషిని పట్టుకుని నాన్నా అంటాదేటి అని. మూడేళ్ళుగా నన్ను సూసి అలాగ నవ్వినోళ్ళు లేరు. ఆ నవ్వులు ఎంత బాగుండేవో ఇప్పుడు తెలుస్తన్నాది.

ఇట్లు,
నోరు ఊరుకోని నీ సెల్లెలు,
పాపాయి

మరో మాట: పైన ఒక అబద్ధం రాసినాను. నా సెయ్యి బెణకలేదు. నిన్న రేంజికి ఎల్లేముందు వంటింట్లో కూకుని, కుడిసేతి సూపుడేలూ నడిమేలూ అరిసేతిలోకి మడిసి టేపుతో కట్టేసుకున్నాను. నీకు లేనివి ఆ రెండే గదా. ఆరున్నర సైజు గ్లోవులో బియ్యం పోసి ముడేసి సంచిలో పట్టుకెల్లినాను, మూడు గన్నుల పిడులకీ సుట్టి కొలిసినాను. రోస్లాన్ ఒక్కడే సూసినాడు. ఎవరి సెయ్యి అది అని అడిగినాడు. నీ పేరు సెప్పినాను. ఆయన లోపలికి ఎల్లి, సిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, ఆ మేగజిను బొత్తాం ఎడంసేతి వాటానికి మార్సి సూపించినాడు.

ఎడంసేత్తో అయిదు సిల్లులు ఒక్కరోజులో వచ్చినాయి అనుకోకు. మూడు నెలలుగా ప్రతి బుధవారం డ్యూటీ దిగి, ఆ ముసలి గన్నుతో నేర్సుకున్నాను. మొదటి నెల కాయితానికే తగల్లేదు. రెండో నెల తగిలినాది.

నీ సెయ్యి ఇంక గన్ను పట్టదు అన్నది నేనే గదా. పడతాది అప్పా. నేను పట్టి సూసినాను. కొత్త పెట్టెకి బొట్టు నువ్వే పెట్టాల. బేగి రా లా.